తమ్ముడి తాగుడు: రోగమా, పొగరా?

బోరబండ నుంచి ఒక సోదరి పేరు రాయకుండా సుదీర్ఘమైన ఉత్తరం పంపారు. ఆమె తమ్ముడికి 29 ఏళ్ళు, ఏసీ మెకానిక్. ఎండాకాలమంతా చేతినిండా పని, ఏ రోజు డబ్బు ఆ రోజు చేతికొస్తుంది. వానలు పడ్డాక పని పలచబడుతుంది. తండ్రి పోయినప్పటి నుంచి తాగుడు ముదిరింది. డబ్బుంటే వైన్స్ పక్కనున్న పర్మిట్ రూమ్, లేకపోతే కల్లు కాంపౌండ్. ఇప్పుడు పొద్దున లేవగానే టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నా చొక్కా మీద ఒలకబోసుకుంటున్నాడనీ, క్వార్టర్‌లో సగం లోపలికి పోతే తప్ప చేతులు కుదుటపడవనీ, అప్పుడు గానీ స్పానర్ పట్టలేడనీ ఆమె రాశారు.

నగర శివార్లలోని ఒక డీఅడిక్షన్ సెంటర్లో అతన్ని రెండుసార్లు, మూడేసి నెలల చొప్పున ఉంచారు. చీటీ పాడి ఆ ఖర్చు భరించింది అక్కగారే. రెండోసారి తిరిగి వచ్చినప్పుడు మణికట్ల మీద తాడు ఒరుసుకున్న మచ్చలున్నాయి. అడిగితే మాట దాటేశాడు. నెల తిరగకముందే మళ్ళీ మొదలుపెట్టాడు. అంతకు ముందు ఒక ఏడాది అయ్యప్ప మాల వేసుకుని, దీక్షలో ఉన్న 41 రోజులూ చుక్క ముట్టలేదు. పోయిన కార్తీకంలో మళ్ళీ మాల వేసుకున్నాడు. తాగుడు ఆపిన రెండో రోజు రాత్రి భజన జరుగుతుండగా మూర్ఛ వచ్చి పడిపోయాడు. నియమం తప్పాడు కాబట్టి స్వామికి కోపం వచ్చిందని పెద్దలు తేల్చి, మాల తీయించారు.

ఇప్పుడు ఇంట్లో తలా ఒక మాట అంటున్నారు. పెళ్ళి చేస్తే దారికొస్తాడని అమ్మగారు సంగారెడ్డి వైపు ఒక సంబంధం చూశారు. అక్క ఒక్క సంతకం పెడితే రాత్రికి రాత్రి వ్యాన్ వచ్చి ఎత్తుకుపోతుందనీ, ఈసారి ఆరు నెలలు బయటికి రానివ్వరనీ మేనమామ చెబుతున్నారు. పెరుగులో కలిపి పెట్టమని పక్కింటావిడ ఒక పొడి ఇచ్చారు. ఎర్రగడ్డ ఆసుపత్రి ఇంటికి దగ్గరే అయినా, పిచ్చాసుపత్రి ముద్ర పడితే పిల్లనెవరిస్తారని అమ్మగారు గడప దాటనివ్వడం లేదు. ఇక తమ ఇంట్లోంచి ఒక్క రూపాయి కూడా వెళ్ళడానికి వీల్లేదని ఆ సోదరి భర్త అంటున్నారు. ఉత్తరం చివర ఆమె ఇలా అడిగారు: “మాల వేసుకుని మానగలిగినవాడు మామూలప్పుడు ఎందుకు మానడు? ఇది రోగమా, పొగరా? రోగమైతే మేము తిట్టడం పాపం. పొగరైతే నేను ఖర్చు పెట్టడం దండగ. ఏదో ఒకటి తేల్చి చెప్పండి.”

అమ్మా, ఆ ప్రశ్నకు వస్తాను. కానీ ముందు మూర్ఛ సంగతి మాట్లాడుకోవాలి, ఎందుకంటే మీ ఉత్తరంలో మీరు రెండు వాక్యాల్లో దాటేసిన ఆ రాత్రే అన్నిటికంటే ప్రమాదకరమైనది.

మద్యం మెదడు పనిని మందగింపజేస్తుంది. రోజూ ఆ బరువు కిందే పనిచేయాల్సి వచ్చినప్పుడు, మెలకువ నిలుపుకోవడానికి మెదడు తన ఉద్రేకాన్ని పెంచుకుంటూ పోతుంది. ఒక్కసారిగా మద్యం ఆపేస్తే అణచిపెట్టేది పోయి ఆ ఉద్రేకం ఒక్కటే మిగులుతుంది. వణుకు, చెమటలు, గుండెదడ కొన్ని గంటల్లోనే మొదలవుతాయి. మూర్ఛ వచ్చేవారికి సాధారణంగా మొదటి రెండు రోజుల్లో వస్తుంది. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య కొందరికి మతి తప్పుతుంది. లేని మనుషులు కనిపిస్తారు, జ్వరం వస్తుంది. డాక్టర్లు డెలీరియం ట్రెమెన్స్ అనే ఈ స్థితికి చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు. 2020 మార్చి చివర లాక్‌డౌన్‌లో మద్యం దుకాణాలన్నీ మూతపడినప్పుడు, మీ ఇంటికి దగ్గర్లోని ఆ ఎర్రగడ్డ ఆసుపత్రికే ఈ లక్షణాలతో జనం ఒక్కసారిగా పోటెత్తారు. వాళ్ళెవరూ ఏ దీక్షా తప్పినవాళ్ళు కారు. మీ తమ్ముడికి వచ్చిన మూర్ఛ కూడా, మీరు చెప్పిన సమయాన్ని బట్టి, చాలావరకు ఇదే అయివుండాలి. తలకు దెబ్బ, ఫిట్స్ జబ్బు వంటి వేరే కారణాలేమైనా ఉన్నాయేమో డాక్టరు చూసి చెప్పాలి.

అందువల్ల మీరు వెంటనే చేయాల్సింది వినడానికి విడ్డూరంగా ఉండవచ్చు. డాక్టరు చేతికి వెళ్ళేదాకా, “నా తల మీద చెయ్యి పెట్టి రేపటి నుంచి ముట్టనని ఒట్టు వెయ్యి” అని అతన్ని పట్టుబట్టకండి. గదిలో పెట్టి గడియ వేయకండి. ఒకసారి మూర్ఛ వచ్చినవారికి మళ్ళీ ఆపినప్పుడు వచ్చే అవకాశం ఎక్కువ. ఆపడం ఆసుపత్రిలోనే జరగాలి. అక్కడ లొరాజెపామ్, క్లోర్‌డయాజెపాక్సైడ్ వంటి మందులను ఎక్కువ మోతాదుతో మొదలుపెట్టి రోజురోజుకీ తగ్గిస్తూ, థయామిన్ అనే బి1 విటమిన్ ఇంజెక్షన్లు ఇస్తూ, సాధారణంగా వారం పది రోజుల్లో ఆ గండం దాటిస్తారు. కల్లు సంగతి కూడా డాక్టరుకు తప్పక చెప్పండి. మన దగ్గర చాలా కాంపౌండ్లలో దొరికేది చెట్టు కల్లు కాదు. అందులో ఆల్ప్రజోలమ్, డయాజెపామ్ వంటి మత్తు మందులు కలుపుతారు. వాటిని ఒక్కసారిగా ఆపినా ఫిట్స్ రావచ్చు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయిన సంగతి మీరు వినే ఉంటారు. క్వార్టర్ మాట చెప్పి కల్లు మాట దాస్తే, డాక్టరు వేసే లెక్క తప్పుతుంది.

ఇప్పుడు మీ ప్రశ్న. మీరు రాసిన రెండు మాలల్లోనే దానికి జవాబు ఉంది, కానీ మీరు మొదటి మాలను మాత్రమే సాక్ష్యంగా తీసుకున్నారు. “మానగలిగాడు కాబట్టి పొగరే” అన్నది దానితో తేలిందనుకున్నారు. రెండోసారి అదే మనిషి, అదే మాల, అదే భక్తి. అయినా రెండో రోజు రాత్రికి శరీరం ఎదురుతిరిగింది. మొదటి మాలకీ రెండో మాలకీ మధ్య అతని సంకల్పం తగ్గలేదు. మెదడు మద్యానికి మరింత అలవాటుపడిపోయింది. ఆ మేరకు ఇది నిస్సందేహంగా వైద్యం అవసరమైన జబ్బు.

అయితే జబ్బు అనేసి చేతులు దులుపుకుంటే మొదటి మాల అర్థం కాకుండా పోతుంది. ఆ 41 రోజుల్లో అతనికి ఏమేం దొరికాయో ఒక్కసారి గుర్తుచేసుకోండి. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానంతో రోజు మొదలయ్యేది. తాగే సమయానికి సరిగ్గా భజన ఉండేది. పర్మిట్ రూమ్ స్నేహితులు, మాలలో ఉన్నవాణ్ణి పిలవడానికి జంకారు. అన్నిటికీ మించి, కన్నతల్లితో సహా అందరూ అతన్ని “స్వామీ” అని పిలిచారు. ఏళ్ళ తరబడి “తాగుబోతు” అనిపించుకున్న మనిషికి అది చిన్న సంగతి కాదు. శబరిమల వెళ్ళి వచ్చి మాల తీసిన రోజున ఇవన్నీ ఒక్కసారిగా పోయాయి. వాటి స్థానంలో పెట్టడానికి ఏదో ఒకటి కావాలన్న ఆలోచన ఇంట్లో ఎవరికీ రాలేదు, ఆ మాటకొస్తే దీక్ష ఇచ్చిన గురుస్వామికీ రాలేదు.

వైద్య ప్రపంచంలో కూడా ఇదే వాదన చాలాకాలంగా నడుస్తోంది. వ్యసనం మెదడు జబ్బేనని అమెరికాలో మాదకద్రవ్యాల పరిశోధన సంస్థకు అధిపతిగా ఉన్న అలన్ లెష్నర్ 1997లో గట్టిగా వాదించారు. నీతి తప్పిన మనిషిగా చూడటం తగ్గి, మందులకూ చికిత్సకూ దారి ఏర్పడటానికి ఆ వాదన ఎంతో ఉపకరించింది. కానీ దానికి పాతికేళ్ళ ముందే లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన అమెరికన్ సైనికులను పరిశీలించారు. అక్కడ ఉండగా వారిలో దాదాపు ఐదో వంతు మంది హెరాయిన్‌కు బానిసలయ్యారు. అలా బానిసలైనవారిలో, ఇంటికి చేరిన తర్వాత తొలి ఏడాదిలో మళ్ళీ దానికి బానిసలైనది దాదాపు 5 శాతమే. యుద్ధభూమి, భయం, చవగ్గా దొరికే సరుకు, అదే పనిచేసే సావాసగాళ్ళు అన్నీ ఒక్కసారిగా మారిపోయాయి. మీ తమ్ముడికి దీక్షలో అలాంటిదే, తాత్కాలికంగా జరిగింది. ఇప్పుడు వైద్యులు కూడా దీన్ని ఉన్నదా లేదా అని రెండు ముక్కల్లో చూడటం మానేశారు. 2013 నుంచి అమెరికన్ సైకియాట్రిస్టుల నిర్ధారణ గ్రంథం 11 లక్షణాలు ఇచ్చి, ఎన్ని ఉంటే అంత తీవ్రత అని స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అని లెక్కిస్తోంది. మీరు రాసినదాన్ని బట్టి మీ తమ్ముడు ఇప్పుడు తీవ్రమైన దశలో ఉన్నట్టు తోస్తోంది.

కాబట్టి రోగమైనంత మాత్రాన అతనికి బాధ్యత లేదని కాదు, బాధ్యత ఉన్నంత మాత్రాన రోగం కాదనీ కాదు. ఆసుపత్రికి నడిపించడం, దారులు చూపించడం మీ వంతు. మందు మింగడం అతని వంతు. ఇక మీ ముందున్న దారులను ఒక్కొక్కటిగా చూద్దాం.

వ్యాన్ దారి. మేనమామ గారికి చెడు ఉద్దేశం లేదు, విసిగిపోయి అన్న మాట అది. కానీ 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తెచ్చింది. ఆ చట్టం ప్రకారం ఒక మనిషిని అతని ఇష్టం లేకుండా చేర్చాలంటే, సైకియాట్రిస్టుతో పాటు మరొక నిపుణుడో డాక్టరో విడివిడిగా పరీక్షించాలి. అతను తనకు గానీ ఎదుటివారికి గానీ హాని చేసే స్థితిలోనో, తనను తాను చూసుకోలేని ప్రమాదకర స్థితిలోనో ఉన్నాడని ఇద్దరూ నిర్ధారించాలి. అప్పుడు కూడా మొదట 30 రోజులకు మించి ఉంచకూడదు. ఆపై పొడిగించాలంటే ఆ చట్టం కింద ఏర్పడే మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డు అనుమతి కావాలి. గొలుసులతో కట్టడం పూర్తిగా నిషేధం. డాక్టరు లేని వ్యాన్, ఒక్క సంతకం, ఆరు నెలలు అన్నది ఈ చట్టంలో ఎక్కడా ఇమడదు. ఆ మణికట్ల మచ్చలు ఎలా వచ్చాయో నాకు తెలియదు గానీ, అవి ఉన్న మనిషిని మళ్ళీ అర్ధరాత్రి ఎత్తించుకుపోతే రెండు జరుగుతాయి. మొదటిది, డాక్టరు లేని చోట ఆపడం వల్ల మూర్ఛ మళ్ళీ రావచ్చు. రెండోది, అతను ఇంకెప్పుడూ మీ మాట మీద ఏ ఆసుపత్రి మెట్లూ ఎక్కడు. సెంటర్లో చేర్చడమే తప్పని నేను అనడం లేదు. అతను ఒప్పుకుంటే మంచి సెంటరు ఎంతో ఉపయోగపడుతుంది. రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ ఉందా, సైకియాట్రిస్టు వారానికి ఎన్నిసార్లు వస్తారు, మొదటి ఐదు రాత్రులు నర్సు ఉంటారా, ఇంటివాళ్ళతో ఫోన్లో మాట్లాడనిస్తారా అని అడగండి. ఆఖరి ప్రశ్నకు నీళ్ళు నమిలితే అక్కడి నుంచి వచ్చేయండి.

పొడి. గోడల మీద “తెలియకుండా మాన్పించబడును” అని రాసి అమ్మే పొడుల్లో ఏముంటుందో ఎవరూ చెప్పలేరు. కొందరు డైసల్ఫిరామ్ మాత్రలనే పొడిచేసి కలుపుతుంటారు. మద్యం మీద దాని ప్రభావం 1948 ప్రాంతంలో డెన్మార్క్‌లో బయటపడింది. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, రక్తపోటు పడిపోతుంది. గుండె, కాలేయం బాగాలేనివారికి ప్రాణాంతకం కావచ్చు. మూర్ఛ వచ్చిన మనిషికైతే డాక్టర్లే దాన్ని ఆచితూచి ఇస్తారు. అసలు ఆ మందు పనిచేసేదే, తాగితే ఏమవుతుందో అతనికి తెలిసినందువల్ల. తెలియకుండా పెడితే అది మందు కాదు, విషమే. ఆ పొట్లం పారేయండి. మందులే కావాలంటే తాగినప్పటి హుషారును తగ్గించే నాల్ట్రెక్సోన్, మానిన తర్వాత యావను తగ్గించే అకాంప్రోసేట్ ఉన్నాయి. కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చూసి ఏది సరిపడుతుందో డాక్టరు చెబుతారు.

పెళ్ళి. ఈ ఒక్క విషయంలో నా అభిప్రాయం దాచుకోను: చేయవద్దు. మీ అందరి వల్లా కాని పనిని, ఏమీ చెప్పకుండా, వేరే ఇంటి ఆడపిల్ల నెత్తిన పెట్టడం అవుతుంది. అతనికీ మేలు జరగదు. అప్పులూ, అత్తవారింట అవమానమూ తోడై తాగడానికి ఇంకొన్ని కారణాలు దొరుకుతాయి. సంబంధం చూసినవారికి ఒక ఏడాది ఆగమని చెప్పండి. ఏడాది తర్వాతైనా ఉన్నది ఉన్నట్టు చెప్పే ధైర్యం మీకుంటేనే ఆ మాట మళ్ళీ ఎత్తండి.

ఎర్రగడ్డ. హైదరాబాద్‌లో ఆ పేరును తిట్టుగా వాడతారు కాబట్టి అమ్మగారి జంకు నాకు అర్థమవుతుంది. కానీ అది ప్రభుత్వ ఆసుపత్రి, మద్యం మాన్పించే చికిత్స వాళ్ళు రోజూ చేసే పనే, మీ వారు అంటున్న ఖర్చు సమస్య అక్కడ చాలావరకు తీరుతుంది. ఆ ముద్రే భయమనుకుంటే గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లోనూ మానసిక వైద్య విభాగాలున్నాయి. అక్కడికి వెళ్తే ఏ జబ్బు కోసం వెళ్ళారో ఎవరూ ఆరా తీయరు. ముందు ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీమానస్ 14416, డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446 ఉన్నాయి. ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక రకమైన చికిత్స అందింది. మిగతా 37 ఇళ్ళలోనూ మీ ఇంట్లో జరుగుతున్నదే జరుగుతూ ఉండాలి: పెళ్ళి మాట, పొడి మాట, ఒట్టు మాట.

అతను రానంటే ఏం చేయాలి? తరిమేయడం, బతిమాలడం అనే రెండే దారులు మన ఇళ్ళలో వాడుకలో ఉన్నాయి. అమెరికాలోని న్యూ మెక్సికోలో రాబర్ట్ మేయర్స్ అనే మనస్తత్వవేత్త ఇంటివాళ్ళకు నేర్పే మూడో పద్ధతి ఒకటి రూపొందించారు; దాన్ని క్రాఫ్ట్ అంటారు. చికిత్సకు ససేమిరా అన్నవారి కుటుంబాలతో చేసి 1999లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఈ పద్ధతి నేర్చుకున్న ఇళ్ళ నుంచి 64 శాతం మంది చివరికి చికిత్సకు వచ్చారు. అందరూ చుట్టూ కూర్చోబెట్టి నిలదీసే పద్ధతిలో వచ్చింది 30 శాతమే. మీ ఇంటికి అన్వయిస్తే అది ఇలా ఉంటుంది. తాగి వచ్చిన రాత్రి ఎవరూ ఏమీ మాట్లాడకండి. గొడవ, ఏడుపు, వేడి అన్నం మూడూ వద్దు. మరుసటి రోజు పనికి వెళ్ళలేకపోతే “జ్వరం వచ్చింది” అని అమ్మగారు మేస్త్రీకి ఫోన్ చేయడం మానాలి. ఆ మాట అతనే చెప్పుకోవాలి. తాగకుండా, లేదా తక్కువ తాగి, వచ్చిన సాయంత్రాన మాత్రం అందరూ కలిసి తినండి, ఇష్టమైన కూర చేయండి, మీ పిల్లలను అతని దగ్గర కూర్చోనివ్వండి. ఆసుపత్రి మాట అలాంటి రోజునో, మూర్ఛ గుర్తొచ్చి తానే భయపడిన రోజునో ఒక్క వాక్యంలో ఎత్తండి: “ఆ వణుకు లేకుండా ఆపే మందు ఉందట, నేను తోడొస్తాను.” మానాలి అన్న మాట కన్నా వణుకు తగ్గుతుంది అన్న మాట అతని చెవికి త్వరగా ఎక్కుతుంది. ఈ దారి నెమ్మదైనది. వారాలు, నెలలు పట్టవచ్చు, ఈలోగా ఇంట్లో చేయి చేసుకున్నా, ఎవరి ప్రాణానికైనా ముప్పు వచ్చినా ఆగకుండా ఆసుపత్రికో పోలీసులకో వెళ్ళాలి.

డబ్బు గురించి మీ వారి మాటను నేను తీసిపారేయను. ఆయన కోపం చీటీ పోయినందుకు మాత్రమే కాదు, ఎక్కడ ఆగాలో మీరు చెప్పలేకపోతున్నందుకు. ఇద్దరూ కూర్చుని ఒక హద్దు పెట్టుకోండి: చేతికి నగదు ఇవ్వం, పరీక్షలు, మందులు, ఆటో ఖర్చు నేరుగా చెల్లిస్తాం, నెలకు ఇంతకు మించి కాదు. ఆ హద్దు అమ్మగారికీ తెలియాలి, లేకపోతే మీరు మూసిన తలుపు పక్కనే ఆవిడ కిటికీ తీస్తారు. చికిత్స మొదలయ్యాక, రోజు కూలి సాయంత్రం చేతికి రాకుండా వారానికోసారి ఖాతాలో పడేలా మేస్త్రీతో మాట్లాడుకోవచ్చు. అయితే ఆ మాట మీరు కాదు, అతనే అడగాలి. మీరు అతని వెనక ఏర్పాటు చేస్తే అది రెండో వ్యాన్ అవుతుంది.

మానిన తర్వాత మళ్ళీ తాగే రోజు రావచ్చని ఇప్పుడే అనుకుని ఉండండి. వ్యసనాల చికిత్స తర్వాత ఏడాదిలో 40 నుంచి 60 శాతం మంది మళ్ళీ వాడతారనీ, బీపీ, ఆస్తమా రోగులు మందులు, జాగ్రత్తలు మానేసి తిరగబెట్టించుకునే తీరూ దాదాపు అంతేననీ 2000లో వెలువడిన ఒక ప్రసిద్ధ సమీక్ష చూపింది. బీపీ పెరిగినవాణ్ణి “పెట్టిన ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరు” అని ఎవరూ తిట్టరు, మందు మార్చుకు రమ్మని పంపుతారు. తిరిగి తాగితే ఏ డాక్టరు దగ్గరికి ఎన్ని రోజుల్లోపు వెళ్ళాలో, మానిన మొదటి వారంలోనే అతనితో కలిసి కాగితం మీద రాసుకోండి. సాయంత్రాలు గడవడానికి భజన వంటిది ఏదో ఒకటి కావాలి. 1935లో అమెరికాలో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు హైదరాబాద్‌లో తెలుగులోనూ జరుగుతాయి, రుసుము ఉండదు. వాళ్ళ భాష అందరికీ నచ్చదు, రెండు మూడు చోట్లకు వెళ్ళి చూస్తే గానీ తెలియదు. ఈ కార్తీకంలో మళ్ళీ మాల వేసుకుంటానంటే అడ్డు చెప్పకండి. కాకపోతే ఆసుపత్రిలో ఆపడం పూర్తయ్యాకే వేసుకోవాలి, డాక్టరు ఇచ్చిన మందులు దీక్షలోనూ కొనసాగాలి, మాల తీసిన మర్నాడు సాయంత్రం ఎక్కడికి వెళ్ళాలో ముందే తెలిసి ఉండాలి.

మేనమామ గారు మళ్ళీ సంతకం అడిగితే, ఆయన్ను కోప్పడకుండా పని అప్పగించండి. అతన్ని ఓపీకి తీసుకెళ్ళే రోజున బండి ఆయన్నే తెమ్మనండి. ఆ రోజు వెంట తీసుకెళ్ళాల్సినవి: ఆధార్ కార్డు, పాత సెంటరు ఇచ్చిన కాగితాలేమైనా ఉంటే అవి, ఇంట్లో వాడుతున్న మాత్రల పట్టీలు, ఇంకా ఒక చీటీ మీద నాలుగు వివరాలు: ఆఖరిసారి ఎప్పుడు తాగాడు, రోజుకు ఎంత, కల్లు ఎన్నాళ్ళుగా, మూర్ఛ ఏ తేదీన ఎంతసేపు. ఉదయం వెళ్ళే ముందు అతను కొంచెం తాగితే గొడవపడకండి. వణుకుతూ, దారిలో పడిపోయే స్థితిలో తీసుకెళ్ళడం కన్నా అదే నయం, తాగిన సంగతి మాత్రం డాక్టరుకు చెప్పండి.